మజిలీ మర్యాద: ఒకే గదిలో నలుగురు

ఒక మనిషిని గూర్చి మంచివాడని సాక్ష్యం పలికిన వానిని ఖలీఫా ఉమర్ మూడు ప్రశ్నలు అడిగినారని ప్రసిద్ధమైన గాథ ఒకటి ఉన్నది. అతని ఇంటి పక్కన కాపురమున్నావా, అతనితో రూపాయి వ్యవహారం నడిపినావా, అతనితో కలిసి ప్రయాణం చేసినావా అన్నవి ఆ ప్రశ్నలు. మూడింటికీ ఆ సాక్షి లేదనే చెప్పినాడట. అయితే నీవు అతనిని ఎరుగవు పొమ్మని ఖలీఫా పంపివేసినారట.

ఈ మూడు పరీక్షలూ ఒక్కసారిగా ఎదురయ్యే చోటు ఏదని యోచిస్తే మాకు తోచిన జవాబు ఒక్కటే. అది పట్నంలో నలుగురు మిత్రులు కలిసి అద్దెకు తీసుకొన్న లాడ్జి గది. అక్కడ మిత్రుడు మూర దూరంలో నిద్రించే పొరుగువాడు, ఖర్చులో భాగస్వామి, ప్రయాణంలో తోడు. తరగతి గదిలో మూడేళ్లు పక్కపక్కన కూర్చున్నా బయటపడని గుణాలు ఆ గదిలో మూడు రాత్రులలో బయటపడతాయి.

మన విద్యార్థులు ఏటా ఏదో ఒక పనిమీద పట్నానికి వెళుతూనే ఉన్నారు. ప్రవేశ పరీక్షలకు, ఉద్యోగ పరీక్షలకు, విజ్ఞానయాత్రలకు, ఆటల పోటీలకు తిరుపతి, హైదరాబాదు, బెంగుళూరు పోయి వస్తున్నారు. వెళ్లేటప్పుడు ప్రాణమిత్రులుగా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వేర్వేరు సీట్లలో కూర్చొని వచ్చిన వారిని మేము చూచినాము. అందువలన ఈ విషయాన్ని పాఠంగా తీసుకొనడం వృథా కాదని భావిస్తున్నాము.

మాటలలో దాగిన చరిత్ర

ముందుగా మాటలను పరిశీలింతము. మన ప్రాంతంలో హోటల్ అంటే అన్నం తినే చోటు. పడుకొనే చోటు లాడ్జి. కాని హోటల్ అన్న మాట ఫ్రెంచి నుండి ఆంగ్లంలోకి వచ్చినది. దాని మూలం అతిథికి సంబంధించిన లాటిన్ పదం. హాస్పిటల్, హాస్టల్ అన్న మాటలు కూడా ఆ వేరు నుండే మొలిచినవి. రోగికైనా, విద్యార్థికైనా, బాటసారికైనా ఇల్లు విడిచి వచ్చినవానికి ఆశ్రయమివ్వడమే ఈ మూడింటి పని.

మన సత్రం సంస్కృత పదం. దీర్ఘకాలం సాగే యాగానికి పేరైన ఆ మాట కాలక్రమాన అన్నదానానికి, ఆపై బాటసారులు దిగే ఇంటికి పేరయినది. దక్షిణాది చావడినే ఆంగ్లేయులు చౌల్ట్రీ అని పలికినారు. పూటకూళ్ల ఇల్లు అచ్చ తెలుగు. పూటకింత అని పైకమిచ్చి కూడు తినే ఇల్లు అది.

ఇక ఉర్దూ విద్యార్థులకు వింతగొలిపే సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. తెలుగువాడు ప్రయాణం గూర్చి మాట్లాడినప్పుడెల్లా అరబ్బీ, పారశీక పదాలను తనకు తెలియకుండానే వాడుతున్నాడు. మంజిల్ మన నోట మజిలీ అయినది. మఖామ్ మకాం అయినది. కిరాయి, ఖర్చు, జమ, వసూలు అన్నవన్నీ ఆ దారిన వచ్చినవే. మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీకి పోయే యతి చేత, అతని వెంట నడిచే గొల్లపిల్లవానికి మజిలీ మజిలీకి ఒక కథ చెప్పించి ఆ గ్రంథానికి ‘కాశీ మజిలీ కథలు’ అని పేరు పెట్టినారు. కాశీ సంస్కృతం, మజిలీ అరబ్బీ మూలం, చెప్పినది తెలుగు. ఏ మాటా పక్క మాటను గది ఖాళీ చేయమని అడుగలేదు. భాష ఏనాడో నేర్చుకొన్న సహవాసాన్ని మనుషులం ఇంకా నేర్చుకొనవలసి ఉన్నది.

ఓరుగల్లు వీధులలో ఇద్దరు మిత్రులు

మిత్రులు కలిసి నగరం చూడబోవడం ఈ కాలపు వేడుక అని కొందరు తలచవచ్చును. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామము’ను చదివినవారు అట్లా అనరు. (అది శ్రీనాథుని రచన అని వాదించిన పండితులూ ఉన్నారు.) కాకతీయుల రాజధాని ఓరుగల్లులో గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక పగలంతా తిరగడమే ఆ వీథినాటకంలోని కథ. ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు వైశ్యుడు. వారు వాడలు చూచినారు, ఆటలు చూచినారు, పూటకూళ్ల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని మెచ్చుకొన్నారు. ఆనాటి ప్రజాజీవితం తెలియగోరే చరిత్రకారులకు ఈ ఇద్దరి షికారే గొప్ప ఆధారమయినది. కలిసి తిరిగిన మిత్రుల కన్ను ఒంటరివాని కన్నుకంటె ఎక్కువ చూస్తుందనడానికి ఇది నిదర్శనం.

మన కడప జిల్లా మీదుగా సాగిన మరొక గొప్ప యాత్ర ఏనుగుల వీరాస్వామయ్యగారిది. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి చేరి, గయ, కలకత్తాలు చూచుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినారు. వెంట సుమారు నూరుమంది పరివారం. దారిలో ఏ ఊరిలో దిగుటకు వసతి ఉన్నది, ఏ ఊరిలో సామగ్రి దొరుకుతుంది అన్నది ఆయన ఓపికగా వ్రాసి పెట్టినారు. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికీ మనకు పఠనీయ గ్రంథం. నూరుమందిని పదిహేను నెలలకు పైగా కలిపి నడిపించినది ఆ క్రమశిక్షణయే. నలుగురం మూడు రోజులు కలిసి ఉండలేకపోతే లోపం గదిలో లేదు.

సరాయి నుండి రాజ్యాంగం వరకు

బాటసారికి చోటివ్వడం ఒకనాడు పుణ్యకార్యం. తర్వాత రాజధర్మం. నేడు చట్టం. ఈ మూడు మెట్లనూ విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

1540 నుండి 1545 వరకు ఢిల్లీని ఏలిన షేర్షా సూరి రాజమార్గాల వెంట రెండేసి కోసులకు ఒక సరాయి కట్టించినాడనీ, అవి మొత్తం 1,700 అనీ అబ్బాస్ ఖాన్ సర్వానీ వ్రాసినాడు. ప్రతి సరాయిలో హిందువులకు, ముస్లిములకు వేర్వేరు వసతులు, ఇద్దరికీ నీళ్లు, మంచాలు, ఆహారం, గుర్రాలకు దాణా ఉండేవట. పడక వేరైనా గోడ ఒక్కటి, కావలి ఒక్కటి.

హైదరాబాదులో 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ ఏర్పడిన పిదప, దూరప్రాంతాల నుండి దిగేవారి కొరకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1919లో స్టేషన్ ఎదుటనే సరాయి నిర్మితమయినది. రాతి కమానులతో నిలిచిన ఆ భవనం తర్వాతి కాలంలో శిథిలమయినది. అయినా ఆ దారిన పోయే విద్యార్థులు ఒక్క నిమిషం నిలిచి చూడదగినది.

ఆంగ్లేయుల కాలంలో 1867లో సరాయిల చట్టం వచ్చినది. సరాయి నడిపేవాడు గదులను, వసారాలను, నీటి బావులను శుభ్రంగా ఉంచవలెను, దొంగలు ఎక్కివచ్చుటకు వీలిచ్చే చెట్ల కొమ్మలను కొట్టించవలెను, కావలివారిని పెట్టవలెను, అంటువ్యాధి సోకినవారుంటే పోలీసు ఠాణాకు తెలుపవలెను, అద్దెల పట్టికను అందరికీ కనబడేటట్లు కట్టవలెను. నేటి లాడ్జిలో బల్ల వెనుక వేలాడే అద్దెల బోర్డుకు తాత ఆ చట్టమే.

కాని ఆ చట్టంలో లేని ఒక గొప్ప మాట మన రాజ్యాంగంలో ఉన్నది. 15వ అధికరణం రెండవ ఖండం ప్రకారం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణం మాత్రం చేత ఏ పౌరుడినీ అంగళ్లలోనికి, భోజనశాలలలోనికి, హోటళ్లలోనికి, వినోదస్థలాలలోనికి రానీయకుండా అడ్డగించరాదు. అంగడి అన్న మాటను విశాలార్థంలో గ్రహించవలెనని, రుసుము తీసుకొని సేవలందించే వారందరికీ అది వర్తిస్తుందని డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ సభలో వివరించినారు. ఇక అస్పృశ్యత పేర హోటల్ తలుపు మూసినవానికి 1955 నాటి చట్టం శిక్ష విధించినది. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారినది.

ఈ సమస్య మన దేశానిదే అని ఎవరూ అనుకొనరాదు. అమెరికాలో నల్లజాతివారికి ఏ ఊరిలో ఏ ఇంట బస దొరుకుతుందో తెలుపుటకు విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుండి ఒక చిన్న పుస్తకం ప్రచురించవలసి వచ్చినది. 1964లో అక్కడ పౌరహక్కుల చట్టం వచ్చినప్పుడు, అట్లాంటా నగరంలో 216 గదులు గల ఒక మోటెల్ యజమాని, నా గది నా ఇష్టమని కోర్టుకెక్కినాడు. ఆ ఏడు డిసెంబరు 14న సుప్రీంకోర్టు అతని వాదాన్ని ఏకగ్రీవంగా తోసిపుచ్చినది. బాటసారికి తలుపు తీయడం యజమాని దయ కాదని, వ్యాపారం తెరిచినవాని బాధ్యత అని లోకం అంగీకరించుటకు అంత కాలం పట్టినది.

మా అనుభవం

ఇంతవరకు చెప్పినది గ్రంథాలలోనిది. ఇక మేము స్వయంగా నేర్చిన పాఠం చెప్పవలెను. అందులో మాకు కీర్తి తెచ్చే భాగం తక్కువ.

డిగ్రీ ముగిసిన వేసవిలో లింగాల నుండి మేము నలుగురం మిత్రులం హైదరాబాదుకు బయలుదేరినాము. ఒకడు చీనీ తోటలు గల రైతు కుమారుడు. ఒకడు మా మేనత్త కొడుకు. ఒకడు చెనిక్కాయల కొట్టాలలో కూలికి పోయి చదువుకొన్నవాడు. నాలుగవ వారము మేము. నగరం చూడవలెను, కోఠిలో పాత పుస్తకాలు కొనవలెను, పై చదువుల ప్రవేశ పరీక్షకు సిద్ధం కావలెను అన్నది సంకల్పం. తలా పదిహేను వందలు ఒక గుడ్డసంచిలో వేసినాము. లెక్క వ్రాసే బాధ్యత మా మీద పడినది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టుకొని పులివెందులలో రాత్రి బస్సెక్కినాము.

తెల్లవారి ఒక లాడ్జికి పోయినాము. ముందు పోయి అడిగినవాడు రైతు కుమారుడు. రెండు మంచాల గది ఉన్నదని, నేలమీద పరుపు వేస్తే నలుగురికి సరిపోతుందని అక్కడి గుమాస్తా చెప్పినాడు. రిజిస్టరు తీసినాడు. గుర్తింపు కార్డులు అడిగినాడు. నాలుగు కార్డులు బల్లమీద పెట్టినాము. వాటిలో మా పేరు, మా మేనత్త కొడుకు పేరు చదివి, లోపలికి పోయి వచ్చి, గది ఖాళీ లేదన్నాడు. ఇంతలోనే ఎట్లా నిండినదని రైతు కుమారుడు అడిగినాడు. గుమాస్తా మా ముఖం చూడకుండా, మీరిద్దరికైతే సర్దుతానని అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. సంచి భుజానికి తగిలించుకొని, మేమిద్దరం వేరే చోటు చూచుకొంటామని చెప్పబోయినాము. అటువంటప్పుడు అవమానం పొందినవానికే సిగ్గు కలగడం ఎంత విచిత్రం! అంతలో వెనుక నిలిచి ఉన్న కూలివాడి కొడుకు, మా అందరిలోనూ తక్కువ మాట్లాడేవాడు, ముందుకు వచ్చి నాలుగు కార్డులను ఒక్క చేత్తో దగ్గరికి తీసుకొన్నాడు.

“అన్నా, నలుగురం ఒగే బస్సులో వచ్చినాం. నలుగురికీ ఇస్తే ఇయ్యి. లేదంటే మాకెవురికీ వద్దు” అన్నాడు.

గొంతు పెంచలేదు. జవాబు కొరకు నిలువలేదు. మేము అతని వెంట నడిచినాము. ఆనాడు మాకు 15వ అధికరణం తెలియదు. అతనికీ తెలియదు.

రెండు వీధులు దాటిన పిదప మరొక లాడ్జిలో ఒక వృద్ధుడు కార్డులు చూచినాడు, వ్రాసుకొన్నాడు, తాళంచెవి ఇచ్చినాడు. “వేడినీళ్లు ఆరు గంటల నుంచి ఎనిమిది దాకనే బాబూ” అన్నది ఒక్కటే ఆయన పెట్టిన నిబంధన. ఆ మాటకంటె మధురమైన స్వాగతం మేము ఇంతవరకు వినలేదు.

మూడు రోజులు బాగానే గడిచినవి. మంచాలకు చీట్లు వేసుకొన్నాము. తెల్లవారుజామున నమాజుకు లేచేవారు దీపం వేయకుండా ఫోను వెలుతురుతో పని జరుపుకొన్నాము. రైతు కుమారుడు స్నానం చేసి దేవునికి దండం పెట్టుకొనే మూలను తక్కినవారు ఖాళీగా ఉంచినారు. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం చూచినాము. రెండవనాటి సాయంకాలానికి సంచి ఖాళీ అయినది. తలా మరి మూడువందలు వేయవలెనని మేము ప్రకటించినాము. అందరూ వేసినారు. ఆ రాత్రి బిర్యానికి బయలుదేరినప్పుడు మా మితభాషి కడుపులో బాగాలేదని గదిలోనే ఉండిపోయినాడు. తిరిగి వచ్చేసరికి మూటలో మిగిలిన ఎండురొట్టెలు లేవు. అది మేము చూచినాము, కాని ఆలోచించలేదు. మూడవనాడు కోఠిలో తలనొప్పి అని ఒక అరుగుమీద కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరి పుస్తకాలు వారు తీసి చూచుకొంటున్నాము. అతని ఒడిలో ఏమీ లేదు. పుస్తకాల కొరకే వచ్చినవాడు ఒక్క పుస్తకమైనా కొనలేదు. పుస్తకాలకని విడిగా దాచుకొన్న మూడువందలే మా సంచిలో పడినవని అప్పుడు మాకు తెలిసినది. ఎందుకు చెప్పలేదని అడిగితే, “అట్లేం లేదులేప్పా” అని కిటికీ వైపు తిరిగినాడు.

లెక్క పుస్తకం మా చేతిలో ఉన్నది. అందులో పైసా తేడా లేదు. నలుగురికీ సమానంగా పంచినాము. లాడ్జి తలుపు వద్ద మా కొరకు నలుగురి కార్డులు వెనుకకు తీసుకొన్న మనిషిని, ఆ సమానపు లెక్కతోనే మేము గదిలో ఒంటరివాణ్ణి చేసినాము. గుమాస్తా మా పేరు చూచి మనిషిని చూడలేదు. మేము అంకె చూచి మనిషిని చూడలేదు. ఈ రెండింటికీ మధ్య దూరం మేము అనుకొన్నంత ఎక్కువ కాదని ఆ రాత్రి బస్సులో తెలిసినది.

వారం తర్వాత మా పుస్తకాలు తీసుకొని అతని ఇంటికి పోయినాము. ఊరక తీసుకొనలేదు. “నువ్వు సదివినాంక ఇయ్యిలే” అన్నాడు. అట్లే చేసినాము. ప్రవేశ పరీక్షలో అతనికి మాకంటె మంచి స్థానం వచ్చినది.

లెక్క వేయడం ఎట్లా

కనుక డబ్బు సంగతి ముందుగా చెబుతున్నాము. రోజుకు 1,200 రూపాయల గదిని నలుగురు మూడు రాత్రులకు తీసుకొన్నారనుకొందము. మొత్తం 3,600. తలకు 900. ఇది సులభమే. ఒకడు రెండు రాత్రులుండి ఇంటికి పోయినాడు. అతడు ఎంత ఇవ్వవలెను?

రాత్రికి రాత్రి లెక్క వేస్తే మొదటి రెండు రాత్రులు తలకు 300, మూడవ రాత్రి మిగిలిన ముగ్గురికి తలకు 400. వెళ్లినవాడు 600 ఇస్తాడు, ఉన్నవారు ఒక్కొక్కరు 1,000 ఇస్తారు. మొత్తం సరిపోయినది. కాని నలుగురూ మూడు రాత్రులుంటామని ఒప్పుకొన్నందునే అంత పెద్ద గది తీసుకొన్నామని ఉన్నవారు అనవచ్చును. అప్పుడు వెళ్లినవాడు 900 ఇవ్వవలెను. ఈ రెండు పద్ధతులలో ఏదీ తప్పు కాదు. ముందు చెప్పుకొనకపోవడమే తప్పు. బయలుదేరకముందు ఒక్క నిమిషంలో తేలే మాట, తిరిగి వచ్చిన తర్వాత ఒక్క ఏడాదికైనా తేలదు.

గది అద్దె, బస్సు చార్జీ వంటివి ఉమ్మడి ఖర్చులు. బిర్యాని, సినిమా, ఐస్‌క్రీము వంటివి ఎవరి ఇష్టం వారివి. రెండింటినీ ఒకే సంచిలో కలిపితే ఉన్నవాని ఇష్టానికి లేనివాడు పన్ను కట్టినట్లవుతుంది. మేము చేసిన పొరపాటు ఇదే. నేడు ఫోనులోనే క్షణంలో వాటా పంపించే సదుపాయం వచ్చినది. అది లెక్కను తేలిక చేసినది గాని, అడుగలేని మిత్రుని మౌనాన్ని చదివే సాధనం ఇంకా రాలేదు.

పద్నాలుగవ శతాబ్దిలో ప్రపంచయాత్ర చేసిన ఇబ్న్ బతూతా నేటి టర్కీ దేశంలో అఖీలనే యువకుల సంఘాలను చూచినాడు. వారు వృత్తిపనివారు. పగలంతా పనిచేసి వచ్చిన సంపాదనను సాయంకాలం ఒకచోట పోసి, దానితో బాటసారులకు భోజనం, పడక ఏర్పాటు చేసేవారు. ఒక ఊరిలో రెండు సంఘాలవారు ఆయన గుర్రపు కళ్లెం పట్టుకొని కత్తులు దూసినారు. దొంగలేమోనని ఆయన భయపడినాడు. తీరా చూస్తే అతిథి మా ఇంట దిగవలెనంటే మా ఇంట దిగవలెనని వారి తగవు. చివరకు చీట్లు వేసి తీర్చుకొన్నారు. ఉమ్మడి సంచికి అసలు అర్థం అది. అందరివద్ద సమానంగా లాగుకొనడం కాదు, ఉన్నది కలిపి లేని చోట పెట్టడం.

గది మర్యాదలు

ముగ్గురు కలిసి ప్రయాణమైతే ఒకరిని నాయకునిగా ఎన్నుకొమ్మని ప్రవక్తవారి బోధ. నాయకుడంటే ఆజ్ఞాపించేవాడు కాదు. అందరి తర్వాత పడుకొనేవాడు. తాళంచెవి ఎవరివద్ద ఉండవలెను, ఎన్ని గంటలకు లేవవలెను, దారి తప్పితే ఎక్కడ కలియవలెను అన్నవి అతడు ముందే చెప్పవలెను.

గది తీసుకొనేటప్పుడు ఎందరికి అనుమతి, అదనపు పరుపుకు ఎంత, రోజు లెక్క ఇరువదినాలుగు గంటలదా లేక మధ్యాహ్నం నుండి మధ్యాహ్నం వరకా అని అడిగి తెలుసుకొనవలెను. అడ్వాన్సుకు రసీదు పుచ్చుకొనవలెను. ఇద్దరి పేర నలుగురు దొంగచాటుగా దూరడం తగదు. రిజిస్టరులో అందరి పేర్లూ ఉండడం మనకే రక్షణ. మెట్లు ఎటు ఉన్నవో, అగ్నిప్రమాదం జరిగితే ఏ దారిన దిగవలెనో మొదటి రాత్రే చూచుకొనవలెను.

గదిలో స్నానానికి వరుస ఏర్పరచుకొనవలెను. ఒక్క ప్లగ్గు ఉంటే ఫోన్లకు కూడా వరుసయే. ఫ్యాను వేగం, దీపం, కిటికీ అన్నవి చిన్న విషయాలుగా కనబడతాయి గాని, నిద్ర చెడినవానికి చిన్న విషయమంటూ ఉండదు. గురక పెట్టేవాణ్ణి ఎగతాళి చేయరాదు. అది అతడు మేలుకొని చేసే పని కాదు. మాంసం ముట్టనివాడు ఉంటే అతడున్న గదిలోనికి తెచ్చేముందు అడుగవలెను. ఒకరి ప్రార్థనావేళ మరొకరి పాటల వేళ కారాదు. మిత్రుని సంచి తెరచి ఉన్నా దానిలో చేయి పెట్టరాదు. గదిలో విన్న మాట, చూచిన బలహీనత, నిద్రలో పలికిన పలుకు గది తాళంతోపాటు అక్కడే అప్పగించి రావలెను. ఇదే అదబ్, ఇదే మర్యాద.

ఖాళీ చేసేటప్పుడు దుప్పట్లు మడిచి, చెత్త ఒకచోట పెట్టి రావలెను. మన వెనుక ఆ గది ఊడ్చే మనిషి కూడా ఎవరి ఇంటి మనిషియో. పైగా మన ఊరినుండి తర్వాత వచ్చే విద్యార్థులకు ఆ తలుపు తెరచి ఉండడం మన నడవడిమీద ఆధారపడి ఉన్నది.

కళాశాల కమిటీవారికి విన్నపం

పెద్దలకు రెండు మాటలు. విజ్ఞానయాత్రకు విద్యార్థులను పంపునప్పుడు గదులను కళాశాల పేర ముందుగా ఏర్పాటు చేసి, అందరి పేర్లతో ఒక పత్రం ఇచ్చి పంపినచో బల్ల ముందు ఏ బాలునికీ తన పేరు చెప్పుటకు సంకోచం కలుగదు. రెండవది, యాత్రానిధి అని కొంత సొమ్ము తీసిపెట్టి, అవసరమైనవారి వాటాను ఎవరికీ తెలియకుండా అందులోనుండి జమచేయవలెను. ఎవరికి ఇచ్చినది అధ్యాపకునికి, ఆ విద్యార్థికి తప్ప మూడవవారికి తెలియరాదు. సహాయం చేయుట కంటె సహాయం పొందినవాని తల ఎత్తుగా ఉంచుట కష్టతరం.

విద్యార్థి మిత్రులారా! సఫర్ వసీలయె జఫర్ అని ఉర్దూలో ఒక నానుడి. ప్రయాణం విజయానికి సాధనమని దాని అర్థం. విజయమంటే పరీక్షలో మార్కులు మాత్రమే కాదు. ఎక్కడైనా ఎవరైనా మీలో ఇద్దరికి గది ఇచ్చి ఇద్దరిని బయట నిలిపితే, నలుగురి కార్డులూ ఒక్క చేత్తో వెనుకకు తీసుకొనే ధైర్యం మీకు ఉండవలెను. ఆ చేయి ఎవరిదో వాని పళ్లెంలో ఆ రాత్రి అన్నం ఉన్నదో లేదో చూచే కన్ను కూడా మీకు ఉండవలెను. మొదటిది మాకు మా మిత్రుడు నేర్పినాడు. రెండవది నేర్చుటకు మేము ఆలస్యం చేసినాము. మీరు ఆలస్యం చేయరాదనియే ఈ వ్యాసం.